తెల్ల ప్లేటు వివాదం: 2011లో ఫ్రాన్స్‌లో పడిన ముడి

పండగ ముందు వారాల్లో ప్రైవేటు ట్రావెల్స్ టికెట్ ధరలు ఆకాశానికి అంటగానే ఈ వివాదం మళ్లీ లేస్తుంది. ఒకరికొకరు తెలియని ముగ్గురు ఎల్బీనగర్‌లో తెల్ల ప్లేటు ఉన్న సొంత కారు ఎక్కి, పెట్రోలు, టోల్ ఖర్చులో తలా కొంత ఇచ్చి విజయవాడలో దిగిపోతే దాన్ని తోడు ప్రయాణం అనాలా, పర్మిట్ లేని టాక్సీ అనాలా? పసుపు ప్లేటు టాక్సీ డ్రైవర్లు రెండో మాటే అంటున్నారు. ఇలాంటి ప్రయాణాలను కుదిర్చే వేదికల్లో పెద్దది బ్లాబ్లాకార్ అనే ఫ్రెంచి కంపెనీ. దానికి ఇప్పుడు అన్నిటికంటే పెద్ద మార్కెట్ మన దేశమే. 2025లో ఇక్కడ సుమారు 2 కోట్ల మంది తన ద్వారా ప్రయాణిస్తారని కంపెనీ అంచనా వేసింది.

వ్యవస్థాపకుడు ఫ్రెడెరిక్ మజెల్లా 2003 క్రిస్మస్‌కు ఊరెళ్లబోతే రైల్లో చోటు దొరకక సోదరి కారులో వెళ్లిన ఉదంతం ఈ కంపెనీ గురించి రాసిన ప్రతిచోటా కనిపిస్తుంది. 2006లో కంపెనీ పుట్టడం, 2007లో ఫ్రాన్స్‌లో రవాణా సమ్మెలు జరిగినప్పుడు జనం ఆ సైటుకు ఎగబడడం కూడా నిజమే. కానీ ఇవాళ్టి తగాదాకు వాటితో పెద్దగా పనిలేదు. తేల్చవలసిన చిక్కంతా 2011లో మొదలైంది.

అప్పటిదాకా ఆ సైటు ఒక ప్రకటనల బోర్డు లాంటిది. ఫలానా రోజు పారిస్ నుంచి లియోన్ వెళ్తున్నాను, మూడు సీట్లు ఖాళీ అని డ్రైవరు రాసిపెట్టేవాడు. ఫోనులో మాట్లాడుకుని, కారులో డబ్బు చేతికిచ్చేవారు. వచ్చిన ఇబ్బంది ఏమిటంటే, చాలామంది వస్తామని చెప్పి వచ్చేవారు కాదు. ఒక ప్రయాణికుడు ముందుజాగ్రత్తగా ఇద్దరు ముగ్గురు డ్రైవర్లతో మాట ఖాయం చేసుకునేవాడు, డ్రైవరు కూడా అదే భయంతో సీట్లకు మించి ఒప్పుకునేవాడు. ఈ రద్దులు దాదాపు మూడో వంతు ఉండేవని కంపెనీయే తర్వాత చెప్పుకుంది. తెల్లవారుజామున సామానుతో రోడ్డుపక్క నిలబడిన మనిషికి కారు వస్తుందో రాదో తెలియకపోతే ఆ పద్ధతి ఎంత చౌకైనా ఎవరికీ నమ్మకం కలగదు.

2011 నుంచి కంపెనీ ఫ్రాన్స్‌లో దశలవారీగా కొత్త పద్ధతి తెచ్చింది. ప్రయాణికుడు ఆన్‌లైన్‌లో ముందే డబ్బు కడితే కంపెనీ దాన్ని తన దగ్గర ఉంచుకుంటుంది. అతనికి ఒక కోడ్ వస్తుంది. ప్రయాణం సాగాక ఆ కోడ్ డ్రైవరు ద్వారా కంపెనీకి చేరితేనే డబ్బు డ్రైవరుకు వెళ్తుంది. మధ్యలో కంపెనీ తన రుసుము తీసుకుంటుంది. రద్దులు నూటికి నాలుగు లోపుకు పడిపోయాయి. 2012లో కోటి డాలర్లు, 2014లో 10 కోట్లు, 2015లో 20 కోట్లు పెట్టుబడిగా వచ్చాయి. 2015 నాటికి కంపెనీ విలువను 160 కోట్ల డాలర్లుగా కట్టారు. ఈ డబ్బంతా చెప్పిన వేళకు కారు వస్తుందన్న భరోసాను చూసి వచ్చిందే తప్ప, రేటింగ్ చుక్కలను చూసి కాదని నా అభిప్రాయం.

ఆ మార్పు అందరికీ నచ్చలేదు. ఒకరికొకరు సాయపడే పనికి సుంకం ఏమిటని పాత సభ్యులు ఎదురు తిరిగారు. ఆ కోపంలోంచే 2011లో రుసుము లేని ‘కోవొయ్‌తురాజ్ లిబ్ర్’ పుట్టింది. తర్వాత అది మోబికూప్ అనే సహకార సంస్థగా మారింది. జర్మనీలో నష్టం ఇంకా పెద్దది. అక్కడ ఈ రంగాన్ని ఏలుతున్న మ్యూనిక్ సంస్థ కార్‌పూలింగ్ డాట్ కామ్ 2013లో రుసుము మొదలుపెట్టగానే జనం ఉచిత సైట్లకు తరలిపోయారు. సరిగ్గా అదే ఏడాది బ్లాబ్లాకార్ ఆ దేశంలో ఉచితంగా అడుగుపెట్టింది. 2015లో ఆ మ్యూనిక్ సంస్థనే కొనేసింది. 2016లో తానూ జర్మనీలో రుసుము మొదలుపెట్టింది. మన దేశంలో ఇదే కంపెనీ పదేళ్లుగా ఉచితంగా ఎందుకు నడుస్తోందని అడిగేవారు ఈ జర్మనీ వరుసను చూడాలి.

డబ్బు కంపెనీ చేతుల మీదుగా వెళ్లడం మొదలయ్యాక బస్సు యజమానులు కోర్టు మెట్లెక్కారు. స్పెయిన్‌లో బస్సు సంస్థల సమాఖ్య కాన్‌ఫెబుస్ 2015లో మాడ్రిడ్ వాణిజ్య కోర్టులో దావా వేసింది. ఇది లైసెన్సు లేకుండా సాగుతున్న రవాణా వ్యాపారమని, పన్నులు కట్టి పర్మిట్లతో నడిచేవారికి అన్యాయపు పోటీ అని వాదించింది. 2017 ఫిబ్రవరిలో కోర్టు ఆ దావాను కొట్టివేసింది. డ్రైవరు ఎలాగూ తన పని మీద వెళ్తున్నాడు, తోటివారు ఖర్చు పంచుకుంటున్నారు, ఆ ఖర్చును మించి పోకుండా ధరకు హద్దు ఉంది, కంపెనీ ఇద్దరినీ కలుపుతోందే తప్ప రవాణా నడపడం లేదు అన్నది సారాంశం. 2019లో మాడ్రిడ్ ప్రాంతీయ కోర్టు కూడా దాన్నే సమర్థించింది. ఈ రెండు తీర్పుల మధ్య, 2017 డిసెంబరులో, ఉబర్‌ది రవాణా సేవేనని ఐరోపా న్యాయస్థానం తేల్చింది. ఈ రెంటికీ తేడా ఎక్కడుందో గమనించండి. ఉబర్ డ్రైవరు మీకోసం బయలుదేరుతాడు. బ్లాబ్లాకార్ డ్రైవరు మీరు ఎక్కినా ఎక్కకపోయినా వెళ్తాడు.

ఫ్రాన్స్ దీన్ని కోర్టులకే వదిలేయలేదు. 2015 ఆగస్టు నాటి ఇంధన పరివర్తన చట్టంలో కార్‌పూలింగ్‌కు నిర్వచనం పెట్టింది. డ్రైవరు తన సొంత అవసరానికి వెళ్తుండాలి, ఖర్చు పంచుకోవడం తప్ప లాభం ఉండకూడదు. కంపెనీ కూడా సీటు ధరపై గరిష్ఠ పరిమితి పెట్టింది. ముందుగా డబ్బు కట్టే పద్ధతికి ఈ పరిమితి జంట. ధర ఎంతో, ఎన్నిసార్లు తిరిగాడో, అంతా రికార్డులో ఉంటుంది. అందుకే అక్కడ ముసుగు టాక్సీని పట్టుకోవడం సాధ్యం.

ఇక మన దగ్గరికి వద్దాం. కంపెనీ 2015 జనవరిలో ఇక్కడ మొదలైంది. అంతకు నెల ముందే ఢిల్లీలో ఉబర్ కారులో జరిగిన అత్యాచారంతో యాప్ ప్రయాణాలపై దేశమంతా భయం అలుముకుని ఉంది. గుర్తింపు తనిఖీ, మహిళలకు మాత్రమే అనే ఎంపిక పెట్టి కంపెనీ నెగ్గుకొచ్చింది కానీ, 2017లో ఇక్కడి కార్యాలయాన్ని మూసేసింది. అయినా వాడకం ఆగలేదు. కార్లు పెరిగాయి, హైవేలు బాగుపడ్డాయి, యూపీఐ వచ్చింది. ఫ్రాన్స్‌లో 2011లో వచ్చిన మార్పు మాత్రం రాలేదు. ఇక్కడ ప్రయాణికుడు నేరుగా డ్రైవరుకే నగదో యూపీఐయో ఇస్తాడు, కంపెనీ రుసుము తీసుకోదు. డబ్బు తన చేతిమీదుగా పోనప్పుడు కారులో నిజంగా ఎంత చేతులు మారిందో కంపెనీకి తెలిసే దారి లేదు.

పసుపు ప్లేటువారి ఫిర్యాదులో బలం ఉన్నది ఇక్కడే. వాళ్లు పర్మిట్, ఫిట్‌నెస్, ఎక్కువ బీమా ప్రీమియం భరిస్తున్నారు. రోజూ అదే దారిలో తిరుగుతూ సీట్లు అమ్ముకునే తెల్ల ప్లేటు కారుకు ఇవేవీ లేవు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం కిరాయికి లేదా ప్రతిఫలానికి ప్రయాణికులను ఎక్కించుకునే వాహనానికి పర్మిట్ ఉండాలి. లేకపోతే మొదటి తప్పుకే 10,000 రూపాయల జరిమానా. ఖర్చు పంచుకోవడం ప్రతిఫలం కిందికి వస్తుందో రాదో చట్టం చెప్పదు. ఆ మౌనం బీమాలోనూ ప్రయాణికుడికి ప్రమాదమే. సొంత కారు పాలసీలు కిరాయి వాడకాన్ని మినహాయిస్తాయి.

నిజానికి కేంద్రం ఒక దారి చూపింది. 2020 నవంబరు నాటి అగ్రిగేటర్ (యాప్ ద్వారా ప్రయాణాలు కుదిర్చే సంస్థల) మార్గదర్శకాల్లో, రాష్ట్రం నిషేధించకపోతే, సొంత వాహనాల్లో పూలింగ్‌కు అవకాశమిచ్చింది. ఒక్కో వాహనానికి నగరంలో రోజుకు నాలుగు, నగరాల మధ్య వారానికి రెండు ప్రయాణాలు అని అప్పట్లో హద్దు పెట్టింది. శుక్రవారం ఊరికి, ఆదివారం తిరిగి హైదరాబాద్‌కు వచ్చే ఉద్యోగికి అది అచ్చంగా సరిపోయే లెక్క. రాష్ట్రాలు మాత్రం దాన్ని అందుకోకుండా కట్టడి వైపు వెళ్లాయి. మహారాష్ట్ర 2023 జనవరిలో సొంత వాహనాల పూలింగ్‌ను ఆపేసి, 2025లో మళ్లీ అనుమతించాలని నిర్ణయించింది. బెంగళూరులో 2023 సెప్టెంబరు 11న ప్రైవేటు రవాణా సంఘాలు బంద్ చేశాక నిషేధం వార్తలు వచ్చాయి. జనం మండిపడడంతో, కార్‌పూలింగ్‌ను నిషేధించలేదని, అనుమతి లేని యాప్‌ల పైనే అభ్యంతరమని రవాణా మంత్రి రామలింగారెడ్డి వివరణ ఇవ్వవలసి వచ్చింది.

వారానికి రెండే అన్న హద్దును ఎవరు లెక్కపెట్టాలన్న ప్రశ్న దగ్గర కథ మళ్లీ 2011కే చేరుతుంది. రోడ్డుపై కారు ఆపి ప్రయాణికులను ప్రశ్నించే తనిఖీ అధికారి ఆ లెక్క తేల్చలేడు, వాళ్లు స్నేహితులమంటే అక్కడితో సరి. చెల్లింపు వేదిక ద్వారానే జరగాలని, కిలోమీటరుకు గరిష్ఠ వాటా ఇంత అని ప్రభుత్వం షరతు పెడితే లెక్క దానంతట అదే తయారవుతుంది. హైదరాబాద్, విజయవాడల మధ్య దూరం 275 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. పెట్రోలు, టోల్, బండి అరుగుదల కలిపి, డ్రైవరుతో సహా కారులో కూర్చున్న తలలతో భాగిస్తే సీటుకు ఎంత పడుతుందో రవాణా శాఖ ఒక్క పూటలో తేల్చగలదు. ఆ మొత్తం లోపల ఉన్నంతవరకు ఉద్యోగికి జరిమానా భయం ఉండకూడదు. దాన్ని దాటి వసూలు చేసిన ప్రతి రూపాయికీ పర్మిట్ ఎక్కడని అడిగే హక్కు పసుపు ప్లేటు డ్రైవరుకు ఉండాలి.