బేగంపేట చీకటి

లద్దాఖ్‌లోని హాన్లేలో రాత్రి పూట కిటికీ తెరలు వేసుకోవాలి. వీధిలో వెలిగే దీపానికి తొడుగు ఉండాలి, దాని వెలుతురు నేల మీదికే పడాలి. బండి నడిపేవారు హెడ్‌లైట్లు తగ్గించుకోవాలి. అక్కడి టెలిస్కోపు కోసం 2022 చివర్లో వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా ప్రాంతాన్ని చీకటి ఆకాశపు రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. చీకటిని కూడా కాపాడుకోవాలా అనిపిస్తుంది. ఆ అవసరం ఎలా వచ్చిందో తెలియాలంటే హాన్లే కన్నా హైదరాబాద్‌ను అడగడం మేలు.

1901లో నవాబ్ జఫర్ జంగ్ అనే నిజాం కొలువులోని శ్రీమంతుడు గ్రబ్ కంపెనీ చేసిన 15 అంగుళాల టెలిస్కోపు తెప్పించి హైదరాబాద్‌లోని ఫిసల్‌బండలో నక్షత్రాలు చూసే వేధశాల నెలకొల్పాడు. 1907లో ఆయన చనిపోయాక నిజాం ప్రభుత్వం ఆ వేధశాలను చేతిలోకి తీసుకుని బేగంపేటకు మార్చింది. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, అప్పటికి బేగంపేట అంటే ఊరి బయట.

అక్కడ చేసిన పని చిన్నది కాదు. ఆకాశం మొత్తాన్ని ఫొటో తీసి, ప్రతి నక్షత్రం చోటు కొలిచి పట్టిక వేయాలని 1887లో పారిస్‌లో పలు దేశాల ఖగోళ శాస్త్రజ్ఞులు తీర్మానించారు. ఒక్కో వేధశాలకు ఆకాశంలో ఒక్కో పట్టీ. చిలీలోని శాంటియాగో పూర్తి చేయలేకపోయిన దక్షిణాకాశపు పట్టీ హైదరాబాద్ వంతుకు వచ్చింది. దీనికి వాడింది 8 అంగుళాల కెమెరా టెలిస్కోపు. గాజు ప్లేటును కొద్దికొద్దిగా జరుపుతూ మూడుసార్లు వెలుగు చూపేవారు: 6 నిమిషాలు, 3 నిమిషాలు, 20 సెకన్లు. నక్షత్రమైతే మూడు చుక్కలు పడతాయి, దుమ్ము రేణువైతే ఒక్కటే. కడిగిన ప్లేటును సూక్ష్మదర్శిని కింద పెట్టి, దాని మీది సన్నటి గళ్ల ఆధారంగా ఒక్కో చుక్క కొలత రాసుకునేవారు. వేధశాల డైరెక్టర్లు పోకాక్, ఆ తరువాత టి.పి. భాస్కరన్ నడిపించిన ఈ పనిలో ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాలు పట్టికకెక్కాయి. కంప్యూటర్ లేని రోజుల్లో, కళ్లు కాయలు కాసేలా.

అలాంటి ప్లేటుకు నగరపు వెలుతురే శత్రువు. దీపాల కాంతి గాలిలోని దుమ్మును, తేమను తాకి చెదిరి ఆకాశమంతా పలచటి తెల్లదనం పరుస్తుంది. ప్లేటు ఆ తెల్లదనాన్ని కూడా నమోదు చేస్తుంది, మసక నక్షత్రాలు అందులో మునిగిపోతాయి. ఊరు పెరిగి బేగంపేటను మింగేసరికి, కొత్తగా తెప్పించే 48 అంగుళాల టెలిస్కోపును అక్కడ పెట్టే వీలు లేకపోయింది. డైరెక్టర్ అక్బర్ అలీ మొదలుపెట్టిన ఆ ప్రయత్నం, ఆయన పోయాక 1960ల చివర్లో ఇబ్రహీంపట్నం అవతల జపాల్-రంగాపూర్ దగ్గర గట్టెక్కింది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ సరిగ్గా దాని మీదుగా వెళ్లింది. ఆ చోటికి పట్టపగలు దక్కిన చీకటి అది. రాత్రి చీకటి మాత్రం నిలవలేదు. నగరం అటూ చేరువైంది, టెలిస్కోపు ఏళ్ల తరబడి మూలపడింది.

నిజామియా అని పిలిచే ఈ బేగంపేట వేధశాలలో సహాయకుడిగా పనిచేసిన ఒక ఉద్యోగి కొడుకు ఆ టెలిస్కోపుల నీడలోనే పెరిగాడు. నిజాం కాలేజీలో చదివి, హార్వర్డ్ వెళ్లి, 1949లో ఒక తోకచుక్కను కనిపెట్టిన వైను బప్పు ఆయనే. తరువాతి కాలంలో టెలిస్కోపుకు చోటు వెతుకుతూ ఆయన తమిళనాడులోని జవ్వాది కొండల్లో కవలూరును ఎంచుకున్నారు. బేగంపేట ఎలా చేజారుతోందో చూసిన మనిషి ఊరికి అంత దూరం పోవడంలో ఆశ్చర్యం లేదు. ఆయన శిష్యుల తరం ఇంకా పైకి, సముద్ర మట్టానికి 4,500 మీటర్ల ఎత్తున ఉన్న హాన్లేకు చేరింది. అక్కడి 2 మీటర్ల టెలిస్కోపును బెంగళూరు దగ్గరి హోస్కోటె నుంచి ఉపగ్రహ లింకుతో నడుపుతారు. మనిషి నగరం పక్కనే ఉంటాడు, కన్ను మాత్రం హిమాలయాల్లో.

పాత ప్లేట్ల సంగతి అంతటితో అయిపోలేదు. నక్షత్రం ఎటు, ఎంత కదిలిందో తెలియాలంటే పాత చోటు తెలియాలి. 2000లో వెలువడిన టైకో-2 పట్టికలో 25 లక్షల నక్షత్రాల కదలికలు లెక్కకట్టడానికి, హిప్పార్కస్ ఉపగ్రహం తీసిన కొలతలను శతాబ్దం కిందటి ఈ గాజు ప్లేట్ల కొలతలతో పోల్చారు. అందులో హైదరాబాద్ పట్టీలోని నక్షత్రాలకు వాడిన ప్లేటు కొలత, బేగంపేటలో ఇంకా చీకటి ఉన్న రాత్రుల్లో తీసినదే.