కాలుష్యం, చర్మం: ఎంత రుద్దినా పోనిది

చర్మవైద్యుడిగా హైదరాబాద్‌లో నాకు తరచూ ఎదురయ్యే అపోహలివి.

అపోహ: దుమ్ము పైపైనే ఉంటుంది, బాగా రుద్ది కడిగితే పోతుంది.

వాస్తవం: కంటికి కనిపించే దుమ్ము పోతుంది. ఇబ్బందంతా కనిపించని దానితోనే. వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లయితే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), డీజిల్ పొగలోని సూక్ష్మ ధూళి 2.5 మైక్రాన్ల లోపే. ఆ మసిని పట్టుకొని వచ్చే హైడ్రోకార్బన్లు (ఇంధనం సరిగా కాలనప్పుడు పుట్టే రసాయనాలు) చర్మం మీది జిడ్డులో కరిగి లోపలి కణాలను చేరతాయి. అక్కడ చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారీని, చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్‌ను తెంచే ఎంజైములను పెంచుతాయి. జర్మనీలో 400 మంది వృద్ధ మహిళలను పరిశీలించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, వాహనాల మసి ఎక్కువగా ఉన్నచోట నివసించిన వారి నుదుటి మీద, చెంపల మీద మచ్చలు ఎక్కువగా కనిపించాయి.

ఇక రుద్దడం సంగతి. బయటి నుంచి వచ్చిన ప్రతిసారీ సబ్బు, ఆదివారం స్క్రబ్, అది చాలదన్నట్టు సున్నిపిండి! మనల్ని కాపాడే పైపొర మందం ముఖం మీద ఇరవై మైక్రాన్ల లోపే. దాన్ని గీకి పారేస్తే కాలుష్యానికి మనమే దారి ఇచ్చినట్టు. రాత్రి ఒక్కసారి, ఘాటులేని క్లెన్సర్‌తో, చేతివేళ్లతోనే కడిగి, తడి పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్ రాసుకోండి.

అపోహ: ఇంటిపట్టున ఉండేవారికి భయం లేదు.

వాస్తవం: కట్టెల పొయ్యి, దోమల కాయిల్, తలుపులు మూసి వెలిగించిన అగరుబత్తులు వదిలేది కూడా సూక్ష్మ ధూళే. ఎగ్జిమా (చర్మం పొడిబారి, దురద పెట్టే జబ్బు) ఉన్న పిల్లల గదిలో కాయిల్ వద్దు, దోమతెర కట్టండి.

అపోహ: చామనఛాయ చర్మానికి ఏమీ కాదు.

వాస్తవం: ఎండ నుంచి కొంత రక్షణ ఉన్నమాట నిజమే. కానీ మన చర్మం కాస్త కందినా మచ్చ మిగిలిపోతుంది. మంగు ఉన్నవారు ఐరన్ ఆక్సైడ్ కలిసిన, లేత రంగున్న సన్‌స్క్రీన్ వాడితే మేలు. అది కంటికి కనిపించే వెలుతురును కూడా కొంత అడ్డుకుంటుంది.

అపోహ: ముఖానికి చున్నీ చుట్టుకుంటే చాలు.

వాస్తవం: ఎండ, పెద్ద దుమ్ము ఆగుతాయి. పొగ ఆగదు. పైగా వారమంతా ఉతకని చున్నీ మొటిమలను ఎక్కువ చేస్తుంది.

అపోహ: యాంటీ పొల్యూషన్ క్రీములు, బొగ్గు ప్యాకులు విషాలను లాగేస్తాయి.

వాస్తవం: సన్‌స్క్రీన్ ఎండను ఎంత ఆపుతుందో చెప్పే ఎస్‌పీఎఫ్‌కు నిర్దిష్టమైన పరీక్ష ఉంది. ‘యాంటీ పొల్యూషన్’ అనే మాటకు అలాంటి ఉమ్మడి కొలమానమేదీ లేదు. బొగ్గు ప్యాక్ తీసేది జిడ్డునే. ఆ పని ముల్తానీ మట్టి తక్కువ ధరకే చేస్తుంది.