చిన్న కారుకి వింటర్ టైర్లు: రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

టైర్లు బిగించే పనిలో ఉన్నవాడిగా చెప్తున్నా, చలికాలం ముందు వచ్చేవాళ్లలో చాలామంది మొదట చూసేది ట్రెడ్ (రోడ్డుకి ఆనే గాడుల భాగం) ఎంత లోతుగా ఉందనే, ఆ తర్వాత రేటు. టైరు పక్కన అచ్చు వేసిన అక్షరాలు, బొమ్మలు చదివేవాళ్లు తక్కువ. ఎంచుకోవడానికి కావాల్సిన సంగతులు సగానికి పైగా ఉండేది అక్కడే.

అపోహ: "మా రోడ్ల మీద మంచు నిలవదు, వింటర్ టైర్లు దండగ."

తేడా మంచుతో కాదు, చలితోనే మొదలవుతుంది. ఉష్ణోగ్రత 7 డిగ్రీల కిందికి దిగేకొద్దీ సమ్మర్ టైరు రబ్బరు బిగుసుకుంటుంది, బిగుసుకున్న రబ్బరు రోడ్డు గరుకుని సరిగ్గా పట్టుకోలేదు. వింటర్ టైరు రబ్బరు గడ్డకట్టే చలిలోనూ మెత్తగా వంగేలా తయారవుతుంది. అలాగని ఆ 7 దగ్గర గీత గీసినట్టు ఏమీ మారిపోదు, ఆ చుట్టుపక్కల పొడి రోడ్డు మీద మంచి సమ్మర్ టైరు బాగానే ఆగుతుంది. తెల్లవారుజామున తడి రోడ్డు, వంతెన మీద కంటికి కనపడని పల్చటి ఐసు పొర, ఇబ్బందంతా అక్కడ.

ఇంకొకటి, వింటర్ టైరు ట్రెడ్‌ని దగ్గరగా చూస్తే ప్రతి బ్లాకు మీదా బ్లేడుతో కోసినట్టు సన్నటి చీలికలు కనిపిస్తాయి, వేలితో బ్లాకుని పక్కకి వంచితే అవి తెరుచుకుంటాయి. మంచులో బ్రేకు కొట్టినప్పుడు పట్టు ఇచ్చేవి ఆ అంచులే. గాడుల్లో మంచు ఇరుక్కుంటే టైరు పనిచేయట్లేదని కొందరు కంగారుపడతారు, నిజానికి ఆ ఇరుక్కున్న మంచు కూడా కింద ఉన్న మంచుని పట్టుకుంటుంది, చేతిలో పిడికెడు మంచు నొక్కితే ఉండ కట్టినట్టే.

అపోహ: "వెడల్పు టైరు వేస్తే పట్టు ఎక్కువ."

చిన్న కార్ల విషయంలో నేను ఎక్కువగా వాదించేది దీని మీదే. కారు బరువు టన్ను అటూఇటూ ఉంటుంది, దాన్ని వెడల్పు టైరు మీద పరిస్తే ఒత్తిడి తగ్గి, సగం కరిగిన బురద మంచు మీద టైరు తేలుతుంది. సన్న టైరు ఆ మంచుని చీల్చుకుని కింది రోడ్డుని అందుకుంటుంది. గట్టి ఐసు మీద మాత్రం ఈ లాభం ఉండదు, అక్కడ పనంతా రబ్బరుదీ చీలికలదీ. అందుకే కంపెనీ ఒప్పుకున్న సైజుల్లో సన్నదాన్నే తీసుకోమంటాను. ఉదాహరణకి 195/55 ఆర్16 టైరు, 185/65 ఆర్15 టైరు (మొదటి అంకె వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది పక్కభాగం ఎత్తు వెడల్పులో ఎంత శాతమో, చివరిది రిమ్ అంగుళాల్లో), రెండింటి మొత్తం ఎత్తూ దాదాపు 621 మిల్లీమీటర్లే, కాబట్టి స్పీడోమీటర్ తేడా చూపించదు. పైగా రిమ్ చిన్నదైతే టైరు పక్కభాగం ఎత్తు పెరుగుతుంది, గుంతలో పడ్డప్పుడు రిమ్ వంగే భయం తగ్గుతుంది. కాకపోతే 15 అంగుళాల రిమ్ మీ బ్రేకు కాలిపర్‌కి (చక్రం లోపల బ్రేకు డిస్కుని పట్టి నొక్కే భాగం) తగలకుండా కూర్చుంటుందో లేదో కారు మాన్యువల్లో చూసుకున్నాకే కొనండి.

అపోహ: "ముందు చక్రాలే కదా లాగేది, ముందు రెండు మారిస్తే చాలు."

దయచేసి వద్దు. బండి కదలడం బాగానే కదులుతుంది, అసలు ముప్పు అదే, నమ్మకం వచ్చేస్తుంది. మలుపులో బ్రేకు కొట్టినప్పుడు ముందు భాగం పట్టుకుంటుంది, వెనక భాగం పట్టు తప్పి పక్కకి తిరిగిపోతుంది. చిన్న కారు వెనక ఎలాగూ తేలిక, డిక్కీ ఖాళీగా ఉంటే మరీను. నాలుగూ కొనే వీలు లేకపోతే మంచి ఆల్ సీజన్ టైర్లు నాలుగు వేయించుకోవడం నయం.

ఆ ఆల్ సీజన్ల దగ్గరే ఎం+ఎస్ గొడవ వస్తుంది. మట్టికీ మంచుకీ పనికొస్తుందని తయారీదారు తనంతట తానే వేసుకునే ముద్ర అది, మంచు మీద పరీక్ష పాసవ్వాలనే షరతు లేదు. చూడాల్సింది మూడు శిఖరాల కొండ, దాని మధ్యలో మంచుపువ్వు ఉన్న బొమ్మ. అది ఉందంటే టైరు మంచు మీద నిర్ణీత పరీక్ష నెగ్గినట్టు. జర్మనీ అయితే 2024 అక్టోబర్ 1 నుంచి ఉత్త ఎం+ఎస్ టైర్లని వింటర్ టైర్లుగా లెక్కలోకే తీసుకోవడం లేదు.

"ఏబీఎస్ (బ్రేకు కొట్టినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉంది, ఫోర్ వీల్ డ్రైవ్ ఉంది" అనేవాళ్లకి ఒక్క మాట: ఉన్న పట్టుని వాడుకోవడమే వాటి పని, లేని పట్టుని పుట్టించలేవు.

అపోహ: "ట్రెడ్ ఇంకా 3 మిల్లీమీటర్లు ఉంది, ఈ ఏడాది లాగించేద్దాం."

చాలాచోట్ల చట్టం 1.6 దాకా ఒప్పుకుంటుంది, మంచు మాత్రం ఒప్పుకోదు. 4 కంటే తగ్గితే నేనైతే మార్చమంటాను. ఆస్ట్రియాలో ఆ 4 మిల్లీమీటర్లు ఏకంగా చట్టమే. సెకండ్ హ్యాండ్ టైర్లు కొనేవాళ్లు టైరు పక్కన డాట్ (DOT) అని ఉన్నచోట చివరి నాలుగంకెలు కూడా చదవండి, 3523 అంటే 2023లో 35వ వారంలో తయారైందని. ట్రెడ్ నిండుగా ఉన్నా పాతబడి గట్టిపడిన రబ్బరు చలిలో ఎందుకూ కొరగాదు.

ఇక గాలి. మంచులో గాలి తగ్గిస్తే పట్టు పెరుగుతుందని ఎవరో చెప్తే వింటారు, రోడ్డు మీద నడిపే చిన్న కారుకి అది పనికిరాదు, స్టీరింగ్ మందగిస్తుంది, అంచులు అరుగుతాయి. అసలు మీరు తగ్గించక్కర్లేదు, చలే తగ్గిస్తుంది: ప్రతి 10 డిగ్రీలకీ సుమారు ఒకటిన్నర పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత). 20 డిగ్రీల వెచ్చటి షెడ్డులో 32 కొట్టించుకుని బయట మైనస్ పదిలో రాత్రంతా నిలబెడితే పొద్దున గేజీ 27, 28 మధ్య చూపిస్తుంది. అందుకే బండి రాత్రంతా బయట నిలబడ్డాక, నడపకముందే గాలి చూసి, కారు తలుపు దగ్గర స్టిక్కర్ మీదున్న అంకెకి సరిచేయండి.