బంతి రాకముందే జరిగే పని: గోల్‌కీపింగ్‌పై అపోహలు - వాస్తవాలు

ఫుట్‌బాల్ మ్యాచ్ ముగిశాక గోల్‌కీపర్ గురించి మాట్లాడేవారు సాధారణంగా రెండు సంగతులే ఎత్తుతారు. గాల్లోకి ఎగిరి ఆపిన బంతి ఒకటి, చేతుల్లోంచి జారిపోయిన బంతి మరొకటి. నేను చాలా ఏళ్లు గోల్ గీత మీద నిలబడి ఆడాను, ఇప్పుడు అదే పని పిల్లలకు నేర్పుతున్నాను. కీపర్ పనిలో సింహభాగం షాట్ కొట్టకముందే పూర్తవుతుంది. అది కంటికి కనిపించదు కాబట్టి ఎవరి లెక్కలోకీ రాదు. ఆటగాళ్ల నుంచి, తల్లిదండ్రుల నుంచి, ఒక్కోసారి కోచ్‌ల నుంచి కూడా నేను వినే అపోహల్లో చాలావాటికి మూలం ఇదే.

అపోహ: ఎంత ఎక్కువగా డైవ్ చేస్తే అంత గొప్ప కీపర్

గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. గీత మీదే నిలబడి ఆ మొత్తాన్ని చేతులతో కాపాడడం ఎవరి తరమూ కాదు. అందుకే కీపర్ మొదట చేసేది ఖాళీని తగ్గించడం. బంతి నుంచి గోల్ మధ్యకు ఒక గీతను ఊహించుకుని దాని మీదికి చేరాలి, తర్వాత బంతి వైపు కొన్ని అడుగులు వేయాలి. ముందుకు వచ్చేకొద్దీ స్ట్రైకర్‌కు ఇరువైపులా కనిపించే చోటు తగ్గిపోతుంది. మరీ ముందుకు వస్తే బంతి తల మీదుగా వెళ్లిపోతుంది. ఎక్కడ ఆగాలో ప్రతి దాడికీ కొత్తగా తేల్చుకోవాల్సిందే.

ఆగడం మరీ ముఖ్యం. షాట్ కొట్టే క్షణానికి రెండు పాదాలూ నేల మీద ఉండాలి, బరువు పాదాల ముందు భాగంలో ఉండాలి, చేతులు శరీరానికి ముందు సిద్ధంగా ఉండాలి. ఇంకా కదులుతుండగానే షాట్ వస్తే ఎంత చురుకైనవారికైనా ఆలస్యమైపోతుంది. సరైన చోట, సరైన సమయానికి ఆగిన కీపర్‌కు చాలా బంతులు నేరుగా ఛాతీ మీదికే వస్తాయి. అప్పుడు వ్యాఖ్యాతలు "నేరుగా కీపర్ చేతుల్లోకే కొట్టాడు" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. కీపర్ అక్కడ ఉన్నది అదృష్టవశాత్తు కాదు.

1970 ప్రపంచ కప్‌లో పీలే హెడర్‌ను ఇంగ్లండ్ కీపర్ గోర్డన్ బ్యాంక్స్ ఆపిన తీరు ఇప్పటికీ చెప్పుకుంటారు. బ్రెజిల్ ఆటగాడు జైర్జిన్హో క్రాస్ (పక్క నుంచి గోల్ ముందుకు కొట్టే బంతి) వేసేటప్పుడు బ్యాంక్స్ దగ్గరి పోస్టును కాస్తున్నాడు. బంతి గాల్లో ఉండగానే గోల్‌కు అడ్డంగా పరుగెత్తి అవతలి వైపు చేరాడు. పీలే నేలకేసి కొట్టిన బంతి పైకి లేస్తుంటే దాన్ని చేత్తో బార్ మీదుగా పంపేశాడు. అందరూ ఆ చేతిని గుర్తు పెట్టుకున్నారు. నేను మాత్రం ఆ వీడియో చూపించేటప్పుడు పాదాలను చూడమని పిల్లలకు చెబుతాను.

అపోహ: బంతి అవతలి సగంలో ఉంటే కీపర్‌కు విశ్రాంతి

ఒక్క మ్యాచ్‌లో కీపర్ దాదాపు 5 కిలోమీటర్లు కదులుతారు. మిగతా ఆటగాళ్లు తిరిగే దూరంలో అది సగమే అయినా, చాలామంది అనుకునే దానికంటే ఎక్కువ. డిఫెండర్ల వరుస ముందుకు జరిగితే వెనక మిగిలిన ఖాళీ కీపర్ బాధ్యతే. 2014 ప్రపంచ కప్‌లో అల్జీరియాపై జర్మనీ కీపర్ మాన్యుయెల్ నోయర్ పెనాల్టీ ఏరియా (కీపర్ చేతులు వాడగలిగే, గోల్ ముందున్న చోటు) దాటి పదేపదే బయటికి వచ్చి, అదనపు డిఫెండర్‌లా ఆడింది అందుకే.

దాంతో పాటు గొంతు పని కూడా ఉంటుంది. మైదానం మొత్తం ఎదురుగా కనిపించేది కీపర్ ఒక్కరికే. ఎవరు ఖాళీగా ఉన్నారో, ఎవరి వెనక ప్రత్యర్థి పరుగెత్తి వస్తున్నాడో ముందే చెప్పాలి. ఆ పిలుపు పొట్టిగా, గట్టిగా, సకాలంలో ఉండాలి. అలా చెప్పడం వల్ల అసలు షాటే పడకపోతే, ఆ పని ఏ గణాంకాల్లోనూ చేరదు.

అపోహ: పెనాల్టీ ఆపడం పూర్తిగా అదృష్టం

లెక్క చూద్దాం. పెనాల్టీ స్పాట్ నుంచి గోల్‌కు దూరం 11 మీటర్లు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో కొట్టిన బంతి సుమారు 0.4 సెకన్లలో గీతను చేరుతుంది. బంతి దిశ చూసి, నిర్ణయించుకుని, మూలకు దూకడానికి ఆ వ్యవధి సరిపోదు. కాబట్టి బంతిని కాక, కొట్టే మనిషిని చదవాలి. పరుగు ఏ కోణంలో మొదలైంది, నేల మీద ఆనించిన పాదం ఎటు చూస్తోంది, నడుము ఎటు తిరిగింది, ఒత్తిడిలో ఆ ఆటగాడు ఇదివరకు ఎటు కొట్టాడు... ఇవన్నీ కీపర్ చదువుకోవాల్సినవి. 2006 ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్లో అర్జెంటీనాతో పెనాల్టీ షూటౌట్ జరిగినప్పుడు జర్మనీ కీపర్ యెన్స్ లేమన్ అలాంటి వివరాలు రాసిన చీటీని మేజోడులో పెట్టుకున్నాడు. రెండు కిక్‌లు ఆపాడు.

అంత చదివినా చాలా పెనాల్టీలు గోల్ అవుతాయి. ఆపినవి కొన్నే కాబట్టి అదృష్టమనుకోవడం సులభం.

ఇక్కడ నన్ను ఎప్పుడూ ఆలోచింపజేసే పరిశోధన ఒకటుంది. ఇజ్రాయెల్ పరిశోధకులు 286 పెనాల్టీలను విశ్లేషించి 2007లో ఫలితాలు ప్రకటించారు. దాదాపు 94 శాతం సందర్భాల్లో కీపర్లు ఏదో ఒక పక్కకు దూకారు. కానీ కిక్‌లలో పావు వంతుకు పైగా మధ్యలోకే వచ్చాయి. మరి కదలకుండా ఎందుకు నిలబడరు? దూకి గోల్ ఇస్తే ప్రయత్నించాడంటారు, నిలబడి ఇస్తే చేతకాక నిలబడ్డాడంటారు. ఆ తీర్పు కీపర్ శరీరంలోకి ఇంకిపోతుంది. పెనాల్టీ సాధనలో ఈ భయాన్ని పోగొట్టడానికే నేను ఎక్కువ సమయం ఇస్తాను.

అపోహ: పొడవు లేకపోతే కీపర్ కాలేరు

పొడవు ఉపయోగపడుతుంది, క్లబ్బులు దాన్ని చూస్తాయి. ఇది దాచి పిల్లలకు తప్పుడు ఆశ పెట్టను. అయితే మెక్సికో తరఫున 1994, 1998 ప్రపంచ కప్‌లు ఆడిన హోర్హే కాంపోస్ ఎత్తు 1.70 మీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. 1998లో కప్పు గెలిచిన ఫాబియన్ బార్తేజ్, 2010లో గెలిచిన ఇకెర్ కసియాస్ కూడా భారీ మనుషులు కారు. ఎత్తు తక్కువైనవారు క్రాస్‌కు ఒక అడుగు ముందే బయలుదేరాలి. ఆ నిర్ణయం నేర్పించవచ్చు.

అపోహ: చేతులు బాగుంటే చాలు, కాళ్లతో పనేముంది?

1992 వరకు కొంతవరకు నిజం. సహచరుడు కావాలని కాలితో పంపిన బంతిని కీపర్ చేత్తో పట్టుకోకూడదన్న నిబంధన ఆ ఏడాది వచ్చింది. 2019 నుంచి గోల్ కిక్‌ను పెనాల్టీ ఏరియా లోపలే సహచరుడికి ఇవ్వవచ్చు. 2025-26 సీజన్ నుంచి చేతిలో బంతిని 8 సెకన్లకు మించి ఉంచుకుంటే ప్రత్యర్థికి కార్నర్ దక్కుతుంది. ప్రతి మార్పూ కీపర్‌ను ఆటలోకి మరింత లాగింది. రెండు కాళ్లతోనూ పాస్ ఇవ్వలేని పిల్లలకు పై స్థాయిలో దారి మూసుకుపోతోంది.

అపోహ: రిజర్వ్ కీపర్ ఊరికే కూర్చుని జీతం తీసుకుంటారు

అన్నిటికంటే నాకు కోపం తెప్పించే మాట ఇదే. మిడ్‌ఫీల్డర్‌కు చోటు దొరకకపోతే పక్కకు జరిగి వేరే స్థానంలో ఆడవచ్చు, చివరి 20 నిమిషాలకు దిగవచ్చు. కీపర్‌కు ఉన్నది ఒకే చోటు. అందులో ఉన్నవారు గాయపడకపోతే, ఫామ్ కోల్పోకపోతే, సీజన్ అంతా ఎదురుచూడాల్సిందే. అయినా వారమంతా మొదటి కీపర్‌తో సమానంగా కష్టపడాలి. సాధనలో షాట్లు కొట్టి ఇవ్వాలి, రాబోయే ప్రత్యర్థిలా ఆడి చూపించాలి, ఆ మ్యాచ్ తనదే అన్నంతగా సిద్ధపడాలి. ఒక్క రెడ్ కార్డుతో ఏ నిమిషాన్నైనా గ్లౌజులు వేసుకుని వేల మంది ముందుకు రావాల్సి ఉంటుంది, అదీ ఒళ్లు చల్లబడ్డాక.

అర్జెంటీనా కీపర్ ఎమిలియానో మార్టినెజ్ 2010లో కుర్రాడిగా ఆర్సెనల్‌లో చేరాడు. పదేళ్ల పాటు క్లబ్బు తర్వాత క్లబ్బుకు లోన్ మీద (తాత్కాలికంగా అక్కడ ఆడేందుకు) వెళ్లివస్తూ గడిపాడు. 2020లో మొదటి కీపర్ గాయపడ్డాకే వరుసగా ఆడే అవకాశం దక్కింది. రెండేళ్ల తర్వాత ప్రపంచ కప్ ఫైనల్ ఆఖరి క్షణాల్లో ఫ్రాన్స్ ఆటగాడు కోలో ముఆనీ షాట్‌ను ఎడమ కాలితో ఆపాడు, ఉత్తమ కీపర్ పురస్కారం అందుకున్నాడు. అందరి కథా అలా ముగియదు. స్కాట్ కార్సన్ మాంచెస్టర్ సిటీలో మూడో కీపర్‌గా కొన్నేళ్లు ఉండి ఆడింది రెండే మ్యాచ్‌లు. రోజూ సాధనలో అలాంటి అనుభవజ్ఞుడు ఉండడం మొదటి కీపర్‌కు ఎంత బలమో గోల్‌కీపింగ్ కోచ్‌లకు తెలుసు. లోన్‌కు వెళ్లాలా, ఉండి పోటీ పడాలా అని అడిగే యువ కీపర్లకు నేను చెప్పేది ఒకటే: 21 ఏళ్లలోపు ఆడే చోటికే వెళ్లండి. క్రాస్‌కు ఎప్పుడు బయటికి రావాలో సాధనలో సగమే తెలుస్తుంది.

అపోహ: గోల్ పడితే తప్పు కీపర్‌దే

1950 ప్రపంచ కప్‌లో ఉరుగ్వేతో ఆఖరి మ్యాచ్ డ్రా చేసుకున్నా కప్పు బ్రెజిల్‌కే దక్కేది. 79వ నిమిషంలో ఉరుగ్వే ఆటగాడు గిగ్గియా కుడి వైపు నుంచి దూసుకొచ్చి, బంతిని దగ్గరి పోస్టు వైపు కొట్టి గోల్ చేశాడు, బ్రెజిల్ ఓడింది. ఉరుగ్వే అంతకుముందు చేసిన గోల్ కూడా అదే వైపు నుంచి గిగ్గియా ఇచ్చిన పాస్‌తోనే పడింది. బ్రెజిల్ కీపర్ బార్బోసా ఈసారీ బంతి మధ్యలోకి వస్తుందనుకున్నాడు. గిగ్గియాను ఎవరూ అడ్డుకోలేకపోయారన్నది పక్కకుపోయింది. 2000లో చనిపోయేదాకా బార్బోసా ఆ నింద మోశాడు. ఆ అన్యాయం తలచుకుంటే ఇప్పటికీ కడుపు రగులుతుంది.

గోల్‌ను విశ్లేషించేటప్పుడు మేం జట్టు బంతిని ఎక్కడ ప్రత్యర్థికి కోల్పోయిందో అక్కడి నుంచి మొదలుపెడతాం. షాట్ ఎంత దూరం నుంచి వచ్చింది, ఎంత మూలకు వెళ్లింది అన్నవి చూసి, అలాంటి షాట్లలో సగటున ఎన్ని గోల్ అవుతాయో లెక్కగట్టే పద్ధతి ఇప్పుడుంది. గట్టి డిఫెన్స్ వెనక క్లీన్ షీట్లు (ఒక్క గోల్ కూడా ఇవ్వని మ్యాచ్‌లు) కూడబెట్టినవారి కంటే, ఓడే జట్టులో గోల్స్ ఇచ్చినవారే మెరుగని ఆ లెక్క కొన్నిసార్లు చూపిస్తుంది.

అపోహ: కీపర్లకు భయం, బాధ ఉండవు

1956లో ఇంగ్లండ్‌లోని ఎఫ్ఏ కప్ ఫైనల్లో మాంచెస్టర్ సిటీ కీపర్ బెర్ట్ ట్రాట్‌మన్ మెడ ఎముక విరిగినా చివరిదాకా ఆడాడు. ఆ రోజుల్లో సబ్‌స్టిట్యూట్లు లేరు. దాన్ని ఆదర్శంగా చెప్పడం మానాలి. తలకో మెడకో దెబ్బ తగిలితే బయటికి రావడమే వృత్తి ధర్మం. 2006లో పుర్రె ఎముక విరిగిన చెల్సీ కీపర్ పీటర్ చెక్ ఆ తర్వాత తలకు రక్షణ కవచం పెట్టుకునే ఆడాడు. అందులో చిన్నతనమేమీ లేదు. కనిపించని గాయాలూ అంతే. ఇటలీ కీపర్ బఫాన్ తన కెరీర్ మధ్యలో కుంగుబాటుతో బాధపడినట్లు బహిరంగంగా చెప్పాడు. అదే బఫాన్ 45 ఏళ్ల దాకా ఆడాడు.

అపోహ: పరుగెత్తలేని పిల్లవాణ్ని గోల్‌లో నిలబెట్టాలి

చిన్న జట్లలో ఇప్పటికీ ఇదే జరుగుతోంది. దానివల్ల ఇష్టంతో వచ్చే పిల్లలు కూడా గోల్‌ను శిక్షగా చూస్తారు. పన్నెండేళ్ల లోపు అందరినీ వంతులవారీగా గోల్‌లో ఆడించండి, కీపర్ కావాలనుకునే పిల్లలను కూడా బయట ఆడనివ్వండి. కాళ్ల పని అక్కడే వస్తుంది. వయసుకు తగిన చిన్న గోల్స్ వాడండి. 1.40 మీటర్ల ఎత్తున్న పాపను 2.44 మీటర్ల బార్ కింద నిలబెట్టి, తల మీదుగా పడిన గోల్‌కు ఎందుకు ఎగరలేదని అడగడం తగదు. గోల్ వెనక నిలబడి సూచనలు అరవకండి, ఆ సమయంలో ఆ పాప తన డిఫెండర్లతో మాట్లాడుతోంది.