‘శ్రీకాకుళం’ అంటే ఎన్ని బైట్లు?

శ్రీకాకుళం జిల్లా ఊళ్ల పేర్లను సర్వర్‌కు పంపే చిన్న ప్రోగ్రాం రాశాను. ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న పేర్లన్నీ చక్కగా వెళ్లాయి. తెలుగులో ‘శ్రీకాకుళం’ అని పంపితే మాత్రం అవతల ‘శ్ర’ ఒక్కటే నమోదైంది, పక్కన నల్ల డైమండులో ప్రశ్నార్థకం. ఆ వెంటనే 400 ఎర్రర్, అంటే ‘ఈ రిక్వెస్ట్ సరిగా లేదు’ అని సర్వర్ జవాబు.

సర్వర్‌కు డేటా పంపేటప్పుడు ముందుగా దాని వివరాలు చెప్పే వరుసలు, అంటే హెడర్లు వెళ్తాయి. వెనక వచ్చేది ఎన్ని బైట్లో వాటిలోని కంటెంట్-లెంత్ చెబుతుంది. నా ప్రోగ్రాం అక్కడ 10 అని రాసింది. శ, పొల్లు, ర, గుడిదీర్ఘం, క, దీర్ఘం, క, కొమ్ము, ళ, సున్న: ఒక్కో గుర్తుకు ఒక్కో నంబరిచ్చే యూనికోడ్ లెక్కలో పదే. కానీ ఆ గుర్తులను బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 పద్ధతిలో వీటిలో ఒక్కోదానికి 3 బైట్లు పడతాయి, మొత్తం 30. సర్వర్ నా మాట నమ్మి 10 బైట్లే తీసుకుంది. ‘శ్ర’కు 9 పోగా గుడిదీర్ఘంలో మొదటి బైటు దగ్గర పేరు తెగిపోయింది. కనెక్షన్ ఇంకా తెరిచే ఉంది కనుక మిగిలిన 20 బైట్లను కొత్త రిక్వెస్ట్ అనుకుని చదవబోయింది. గెట్ అనో పోస్ట్ అనో ఉండాల్సిన చోట విరిగిన గుడిదీర్ఘం కనబడితే 400 అనక ఏమంటుంది?

ఎక్కువ రాసి తక్కువ పంపితే ఇంకో తంటా. బిల్లులో 30 బస్తాల జీడిపిక్కలని ఉండి, లారీలోంచి 10 దిగితే పలాస గుమాస్తా మిగతా వాటికోసం చూసినట్టే సర్వరూ చూస్తుంది. ఎంజిన్ఎక్స్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్ అయితే, మనం సెట్టింగ్ మార్చకపోతే, 60 సెకన్ల పాటు ఒక్క బైటూ రాకుంటే 408 (గడువు దాటింది) ఇచ్చి ముగిస్తుంది. ఆ గడువు దాటకుండా ఒక్కో బైటే వదులుతూ సర్వర్‌ను ఊపిరాడకుండా చేసే దాడులూ ఉన్నాయి.

అసలు ప్రమాదం రెండు సర్వర్లు వరుసగా ఉన్నప్పుడు. కంటెంట్-లెంత్‌తో పాటు, ముక్కలుగా పంపుతున్నామని చెప్పే ట్రాన్స్‌ఫర్-ఎన్‌కోడింగ్ కూడా ఉంటే, ముందున్నది ఒకదాన్ని, వెనకది రెండోదాన్ని నమ్మవచ్చు. ఆ తేడాలో దాచిన బైట్లు వెనక సర్వర్‌లో ఇంకెవరి రిక్వెస్ట్ ముందో అతుక్కుంటాయి. రిక్వెస్ట్ స్మగ్లింగ్ అనే ఈ దాడిని పరిశోధకులు 2005లోనే వివరించారు. 2022 నాటి ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 9112 ప్రకారం రెండూ ఉంటే ట్రాన్స్‌ఫర్-ఎన్‌కోడింగ్‌దే పైమాట, అసలు ఆ రిక్వెస్ట్‌నే తిరస్కరించినా తప్పులేదు. తిరస్కరించడమే మేలని నా అభిప్రాయం. పొడవు విషయంలో సర్వర్ ఊహించి సర్దుకుపోకూడదు.

ఇప్పుడు పేరును ముందు బైట్లుగా మార్చి, ఆ తర్వాతే లెక్కపెడుతున్నాను. పలాస 12, టెక్కలి 21, నరసన్నపేట 27. శ్రీకాకుళం పూర్తిగా 30 బైట్లతో, సున్నతో సహా చేరింది.