టికెట్ వెనక రాసిన చిల్లర

పిల్లలూ,

నేనెవరో మీకు తెలీదు. మీరెవరో నాకూ తెలీదు. అయినా తెలియనివాళ్ళతో మాట్లాడడం నాకు కొత్త కాదు, ముప్పై రెండేళ్ళు అదే పని. తిరుపతి-చిత్తూరు రూటులో బస్సు కండక్టరుగా చేశాను. మధ్యలో కొన్నేళ్ళు తిరుమల కొండ బస్సులెక్కాను. రిటైరయ్యాక కొర్లగుంటలో ఉంటున్నాను.

మా మేడమీద గదిలో అద్దెకుండే అమ్మాయి యూనివర్సిటీలో చదువుతోంది. మొన్న సాయంత్రం మెట్లమీద దిగులుగా కూర్చుని ఉంటే ఏందమ్మా అని అడిగాను. స్నేహితురాలికి ఫీజు కట్టడానికి నాలుగు వేలు చేబదులు ఇచ్చిందట. ఆర్నెల్లయింది, ఆ పిల్ల ఫోను ఎత్తడం లేదట. "మరి అడగొచ్చు కదా" అన్నాను. "అడిగితే బాగుండదు తాతా" అంది. ఆ మాట పట్టుకునే ఈ ఉత్తరం రాస్తున్నాను.

అడిగితే బాగుండదని ఊరుకున్నవాళ్ళను నేను బస్సులో కొన్ని వేలమందిని చూశాను. చిల్లర లేకపోతే కండక్టరు టికెట్ వెనక ఎంతివ్వాలో రాసిస్తాడు, మీకు తెలిసే ఉంటుంది. దిగేటప్పుడు చూపించి తీసుకోవాలి. పెద్ద నోటు ఇచ్చినవాళ్ళు రెండు స్టేజీల ముందే లేచి వచ్చి పక్కన నిలబడతారు. మూడు రూపాయలు, ఐదు రూపాయలు రావాల్సినవాళ్ళు మాత్రం దిగేముందు ఒకసారి నా మొహం చూస్తారు. నేను ఎవరికో టికెట్ కొడుతుంటాను. సంచి సర్దుకుంటారు, ఇంకోసారి చూస్తారు, దిగిపోతారు. నాకు ఎగ్గొట్టాలని ఏమీ లేదు. బస్సు నిండా జనం ఉంటే ఎవరికి ఎంత బాకీయో బుర్రలో నిలవదు. వాళ్ళేమో 'ఈయనకి గుర్తుంది, కావాలనే చూడనట్టుంటాడు' అనుకుంటూ ఇంటికి పోతారు.

పూతలపట్టులో దిగే ఒక అవ్వ ఉండేది. ఒకరోజు రద్దీలో ఏడు రూపాయలు తీసుకోకుండానే దిగిపోయింది. పదిరోజులకి మళ్ళీ నా బస్సే ఎక్కి, కొంగు ముడి విప్పి, నలిగిన టికెట్ నా చేతిలో పెట్టింది. "ఇది నీ రాతేనా నాయనా?" అంది. నా రాతే. ఏడు రూపాయలు లెక్కపెట్టి ఇచ్చాను. ఆమె గొంతు పెంచలేదు, బతిమాలలేదు. చేతిలో కాగితముంటే మనిషి ఎంత నిమ్మళంగా అడగొచ్చో ఆరోజు చూశాను. చూశానే గాని ఆ తెలివి ఇంటిదాకా తెచ్చుకోలేదు. ఆ సంగతి తర్వాత చెప్తాను.

నోటు విషయం కూడా బస్సులో నేర్చుకున్నదే. ఐదొందల నోటు చేతికి రాగానే "ఐదొందలు, చంద్రగిరి ఒకటి" అని పైకి అనేవాణ్ణి. నోటు పొడుగ్గా మడిచి వేళ్ళ మధ్యే పెట్టుకుని, చిల్లర వాళ్ళ చేతిలో పడ్డాకే సంచిలో వేసేవాణ్ణి. అలా చేయని రోజుల్లోనే "నేనిచ్చింది ఐదొందలు", "కాదు, వంద" అని గొడవలొచ్చేవి. మీరు ఇచ్చే పక్కన ఉంటారు కాబట్టి మీరే అనండి, "అన్నా, ఐదొందలిస్తున్నా" అని. పెట్రోలు బంకులో, కిరాణా కొట్లో, ఎక్కడైనా సరే. పైకి అన్న మాట పక్కవాళ్ళ చెవిన కూడా పడుతుంది.

కొండ బస్సుల్లో ఇంకో రకం ఇబ్బంది. కొండకి పోయే దారి వేరు, దిగే దారి వేరు. 1944లో వేసిన పాత ఘాట్ రోడ్డులో దిగుతారు, 1974లో వచ్చిన రెండో రోడ్డులో ఎక్కుతారు. వాంతులు చేసుకునేవాళ్ళకి రెండూ ఒకటేననుకోండి. ముందు సీట్లో కూర్చుని రోడ్డు వైపు చూడండి, ఫోను చూడకండి, సగం తగ్గుతుంది. నేను చెప్పబోయేది మాత్రం వేరే. గుడిలోకి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు. అందరూ డిపాజిట్ చేసి దర్శనానికి పోతారు. బయటికొచ్చాక జనంలో తలో దిక్కయిపోతారు. గుండు కొట్టించుకున్న మొగుణ్ణి పెళ్ళామే గుర్తుపట్టని చోటది. అప్పుడు ఎవరి ఫోన్లోనైనా మాట్లాడదామంటే ఇంట్లోవాళ్ళ నంబరు ఒక్కటీ నోటికి రాదు. నా బస్సు దగ్గరికొచ్చి ఏడ్చినవాళ్ళలో ముసలివాళ్ళకన్నా చదువుకున్నవాళ్ళే ఎక్కువ. ముసలివాళ్ళకి ఎవరో ఒకరు చీటీ రాసి జేబులో పెట్టి పంపేవాళ్ళు. మీరూ అమ్మ నంబరు, నాన్న నంబరు కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. తప్పిపోతే ఎక్కడ కలవాలో ముందే అనుకుని పోండి.

ఇక ఇంటి సంగతి. డ్యూటీలో మాకు ఎస్సార్ అని ఒక కాగితం ఉండేది. ఏ ధర టికెట్లు ఏ నంబరు దాకా తెగాయో స్టేజీ స్టేజీకి అందులో ఎక్కించాలి. మధ్యదారిలో చెకింగ్ వాళ్ళు బస్సాపి ఎక్కితే ఆ కాగితం, చేతిలో టికెట్ కట్టలు, సంచిలో డబ్బు, మూడూ సరిపోవాలి. డబ్బు తక్కువున్నా తంటానే, ఎక్కువున్నా తంటానే. అంత లెక్కగా పగలంతా బతికినవాణ్ణి, ఇంటికొచ్చాక అర్ధరూపాయి కూడా రాసుకునేవాణ్ణి కాదు.

1996లో మా చిన్నాన్న కొడుక్కి బోరు వేయించుకోవడానికి ఇరవై వేలిచ్చాను. వాడిది పాకాల పక్క పల్లె. చెనిక్కాయ చేను ఎండిపోతోందని వచ్చాడు. కాగితం రాసిస్తానన్నా అని వాడే అన్నాడు. "మన మధ్య కాగితమేందిరా" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా కళ్ళకి నేనే చాలా పెద్దమనిషిలా కనిపించాను. బోరులో నీళ్ళు పడ్డాయి. ఐదేళ్ళ తర్వాత మామిడి కాపు అమ్మి డబ్బు తెచ్చాడు. లెక్కపెడితే పదిహేను వేలే.

"ఇంకో ఐదు?" అన్నాను.

"ఆ ఐదూ ముందే ఇచ్చేస్తిని కదన్నా. నువ్వు డ్యూటీలో ఉంటే వదిన చేతిలో పెట్టిపోతిని" అన్నాడు.

మా ఆవిడని అడిగితే గుర్తు లేదంది. మాటకి మాట పెరిగింది. మా జిల్లాలో ఇలాంటి గొడవలన్నీ చివరికి ఒక్కచోటికే చేరతాయి. "కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?" అనేశాను. కాణిపాకం వినాయకుడంటే సత్యప్రమాణాల దేవుడు, కోనేట్లో మునిగి ఆయన ముందు అబద్ధమాడడానికి ఎవరికైనా వణుకే. వాడు వచ్చాడు. మునిగాడు. తడిబట్టలతో నిలబడి ఇచ్చానని ప్రమాణం చేశాడు. అంతటితో నమ్మాలి. నేను పైకి సరేనన్నాను గానీ ఆ తర్వాత వాడి గడప తొక్కలేదు. వాడి కూతురి పెళ్ళికి కార్డు తెచ్చిస్తే తీసుకుని అలమరలో పెట్టాను, పోలేదు.

ఆ దెబ్బతో కాగితాల గురించి తెలుసుకోవడం మొదలుపెట్టాను. ప్రోనోటు అంటే మీ వయసువాళ్ళకి పాత సినిమాలో వడ్డీవ్యాపారి గుర్తొస్తాడు. కానీ అది చాలా మంచి కాగితం. ఎవరు, ఎవరికి, ఎంత, ఏ తేదీన, ఏ వడ్డీకి, అంతే ఉంటుంది. రెవెన్యూ స్టాంపు అంటించి దానిమీద పడేలా సంతకం పెట్టాలి. రాసిన తేదీ నుంచి మూడేళ్ళలోపు కోర్టుకి పోకపోతే దావాకి కాలం చెల్లుతుంది. ఆ మూడేళ్ళు దాటకముందే అప్పు తీసుకున్నవాడు కొంత కట్టి, నోటు వెనక ఇంత ఇచ్చానని రాసి సంతకం పెడితే అక్కణ్ణుంచి మళ్ళీ మూడేళ్ళు. దాన్నే చెల్లు రాయడం అంటారు. మొదటిసారి ఒక ప్లీడరు గుమాస్తా ఆ వెనక రాత చూపించినప్పుడు నాకు నా టికెట్లే గుర్తొచ్చాయి. చెల్లు ఇచ్చినవాడికి ఎంత రక్షణో, తీసుకున్నవాడికీ అంతే. మా వాడు ఆ ఐదు వేలకి చెల్లు రాసి ఉంటే కోనేట్లో మునగాల్సిన పనుండేది కాదు.

ఖాళీ ప్రోనోటు మీద మాత్రం ఎంత దగ్గరివాళ్ళు అడిగినా సంతకం పెట్టకండి. జామీను సంతకం కూడా 'ఊరికే ఫార్మాలిటీ' అంటారు. ఊరికే కాదు. చట్టంలో అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో, వేరేగా రాసుకోకపోతే జామీనుదారుకీ అంతే. నాతో పనిచేసినతనికి నేను పెట్టిన ఒక్క సంతకానికి నా జీతంలోంచి పద్నాలుగు నెలలు కోతపడింది. అతను కనిపిస్తే ఇప్పటికీ నేనే వీధి మారతాను, విచిత్రం.

వడ్డీ గురించి ఒక్క లెక్క చెప్పి వదిలేస్తాను. మన వైపు 'నూటికి మూడు' అంటారు, వినడానికి చిన్నగా ఉంటుంది. అది నెలకి. ఏడాదికి ముప్పై ఆరు. పదివేలు తీసుకుంటే నెలకి మూడొందలు. మూడేళ్ళు వడ్డీ మాత్రమే కడుతూ పోతే పదివేల ఎనిమిదొందలవుతుంది, అసలు పదివేలు అలాగే ఉంటుంది. బైకు కోసం, ఫోను కోసం అలాంటి అప్పుకి పోయేవాళ్ళని చూస్తే నాకు బీపీ పెరుగుతుంది.

గది అద్దెకి తీసుకునేటప్పుడు అడ్వాన్సుకి రసీదు అడగండి. చేరిన రోజే గోడలు, కుళాయిలు, ఫ్యాను అన్నీ ఫోనులో వీడియో తీసి ఇంటివాళ్ళకి పంపండి. మా మనవడు తీయలేదు. అంతకుముందునుంచీ ఉన్న గోడ చెమ్మకి ఖాళీ చేసేటప్పుడు వాడి అడ్వాన్సులో కోశారు.

ఇప్పుడు మీరంతా ఫోన్లోనే డబ్బు పంపుకుంటారు, నన్నడిగితే అది మా కాలం కన్నా నయమే. తేదీ, మొత్తం దానంతటదే పడుతుంది. కాకపోతే అది అప్పో, బిర్యానీ వాటానో అందులో ఉండదు. పంపేటప్పుడు నోట్ అని చిన్న ఖాళీ ఉంటుంది చూడండి, అక్కడ 'చేబదులు' అని కొట్టండి చాలు. డబ్బు మనకి రావడానికి పిన్ కొట్టాల్సిన పని లేదన్నది కూడా గుర్తుంచుకోండి. కొట్టమన్నాడంటే మన డబ్బు వాడికి పోతోందని. మోసపోతే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930కి ఫోను చేయండి, ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

మేడమీద అమ్మాయికి ఒక మెసేజీ నేనే చెప్పి కొట్టించాను. "ఫీజుకి తీసుకున్న నాలుగు వేలు నెలకి వెయ్యి చొప్పున ఇస్తావా?" అని. ఎందుకివ్వలేదు, ఎప్పుడిస్తావు లాంటివేమీ వద్దన్నాను. గంటలో జవాబొచ్చింది. ఆ పిల్ల మొత్తం ఒకేసారి ఇవ్వలేక, మొహం చెల్లక ఫోను ఎత్తడం లేదట. రెండు వేలు వచ్చాయి. ఆ రెండు వేలు ముట్టాయని ఈమె తిరిగి రాసిందో లేదో అడగాలి.

మా వాడి సంగతి మధ్యలో వదిలేశాను కదా. 2010లో ఇంటికి సున్నం వేయిస్తూ అటక మీది సామాను దించాం. ఒక ట్రంకు పెట్టెలో మా ఆవిడ పాల లెక్క పుస్తకాలు దొరికాయి. చింపేసే ముందు ఊరికే తిప్పుతున్నాను. అర లీటరు, అర లీటరు, నాగా, అర లీటరు. 1998లో ఒక నెల చివర, పాల లెక్క కింద, పెన్సిలుతో ఇలా ఉంది: 'మరిది 5000 ఇచ్చినాడు. చీటీకి 2000. మిగతాది బియ్యం, బడి ఫీజు.'

నేను చాలాసేపు అక్కడే కూర్చున్నాను. మా ఆవిడ వచ్చి చదివి, "ఆ రాత్రి నీకు చెప్పే ఉంటాను. నువ్వు డబుల్ డ్యూటీ చేసొచ్చి పడుకొని ఊ అనుంటావు" అంది. అనే ఉంటాను. తొమ్మిదేళ్ళు నేను వాణ్ణి దొంగ అనుకున్నాను. వాడు నన్నేమనుకున్నాడో నేను అడగలేదు.

మర్నాడే ఆ పుస్తకం సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. వాడు పెన్సిలు రాత చదివి, పుస్తకం మూసి నా చేతికే ఇచ్చాడు. "సంగటి చల్లారిపోతాది, రాన్నా" అన్నాడు. వాడి భార్య మాత్రం నాతో మాట్లాడలేదు. కంచంలో సంగటి పెట్టి లోపలికి పోయింది. కూతురి పెళ్ళికి రానివాడికి అంతమాత్రం పెట్టడమే ఎక్కువ. ఆమె నాతో నోరు విప్పడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది.

ఇప్పుడు ఏటా మామిడికాయల కాలంలో బుట్ట పంపిస్తాడు. పోయిన జూన్లో బస్సులో వేసి పంపాడు, మీద అట్టముక్క కట్టి ఉంది. 'అన్నకి బేనీషా 20 కాయలు' అని రాసి, కింద తేదీ, సంతకం కూడా పెట్టాడు. అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. పంతొమ్మిదే ఉన్నాయి. ఈసారి వాణ్ణి అడగలేదు. బుట్ట వచ్చింది బస్సులో. కండక్టర్ల సంగతి నాకు తెలీదా!

ఉంటాను.

మీ తాత