అచ్చు మారితే దూలం మారుతుంది

రెండు స్తంభాల మీద ఆనిన కాంక్రీటు దూలంపై బరువు పడినప్పుడు దాని పైభాగం నొక్కుకుంటుంది, అడుగుభాగం సాగుతుంది. నొక్కుడును కాంక్రీటు బాగా తట్టుకుంటుంది కానీ సాగుడును దాదాపు తట్టుకోలేదు కాబట్టి అడుగున ఇనుప చువ్వలు వేస్తారు. అంటే దూలంలో సగానికి దిగువన ఉన్న కాంక్రీటులో చాలా భాగం చువ్వలను పట్టి ఉంచడానికి, వాటికి తుప్పు పట్టకుండా కాపాడడానికి ఉపయోగపడుతుందే తప్ప బరువు మోయడంలో పెద్దగా పాలుపంచుకోదు. పైగా దూలాన్ని వంచే బలం పొడవునా ఒకేలా ఉండదు. నడుమ ఎక్కువ, ఆనికల దగ్గర తక్కువ. ఇంత తెలిసీ ఆ కొస నుంచి ఈ కొస దాకా దూలాన్ని ఒకే లోతుతో పెట్టెలాగా పోస్తున్నామంటే, కారణం ఇంజనీరు లెక్కలో లేదు, సెంట్రింగులో, అంటే కాంక్రీటు పోసే అచ్చులో ఉంది.

పోసేటప్పుడు కాంక్రీటు ద్రవమే, ఏ అచ్చులో పోస్తే ఆ రూపం తీసుకుంటుంది. కానీ ఆ అచ్చును మనం తిన్నని పలకలతో, ప్లైవుడ్‌తో, ఇనుప ప్లేట్లతో కడతాం. వంపు తిరిగిన రూపం కావాలంటే పలకలను ప్రత్యేకంగా కోయించాలి, ఒక్కసారి వాడి పక్కన పడేయాలి. అప్పుడు అచ్చు ఖర్చు లోపల పోసే కాంక్రీటు ఖర్చును మించిపోతుంది. ప్రపంచంలో మనుషుల వల్ల వెలువడే కార్బన్ డయాక్సైడులో సుమారు 7 నుంచి 8 శాతం సిమెంటు తయారీదే కాబట్టి, పని చేయని కాంక్రీటును పోయడం ఇప్పుడు డబ్బు దండగతో ఆగే విషయం కాదు. కొన్నేళ్లుగా ఈ రంగంలో వస్తున్న కొత్త పద్ధతులు పైకి వేరువేరుగా కనిపించినా, నా దృష్టిలో అవన్నీ ఒకే ప్రశ్నకు జవాబులు: అచ్చును తేలిగ్గా ఎలా చేయాలి, లేదా అచ్చే లేకుండా ఎలా పోయాలి?

ఈ ప్రశ్నకు మెక్సికోలో వాస్తుశిల్పి ఫెలిక్స్ కాండెలా 1950లలోనే ఒక తెలివైన జవాబు చెప్పాడు. గుర్రపు జీను ఆకారంలో వంగిన ఒక రకం ఉపరితలాన్ని పూర్తిగా సరళరేఖలతోనే గీయవచ్చునన్న గణిత సూత్రం ఆధారంగా, తిన్నని పలకలతోనే వంపు కప్పులకు అచ్చులు కట్టించాడు. మెక్సికో నగరం శివారులోని షోచిమిల్కోలో 1958లో పూర్తయిన లాస్ మనాంతియాలెస్ భోజనశాల కప్పు మందం సుమారు 4 సెంటీమీటర్లు మాత్రమే. రూపమే బలం కావడం అంటే ఇదే. అయితే ఆ పలకలను బిగించడానికి ఎంతోమంది వడ్రంగులు కావాలి. కూలి రేట్లు పెరిగేకొద్దీ అలాంటి కప్పులు గిట్టుబాటు కాకుండా పోయాయి.

అదే నగరంలో 2018లో, కాండెలాకు నివాళిగా, జ్యూరిక్‌లోని ఈటీహెచ్ సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన ఫిలిప్ బ్లాక్ బృందం జహా హదీద్ ఆర్కిటెక్ట్స్ సంస్థతో కలిసి 'నిట్‌కాండెలా' అనే కప్పును నిలబెట్టింది. దీని అచ్చు అల్లిన బట్ట. కంప్యూటర్ ఇచ్చిన నమూనా ప్రకారం అల్లిక యంత్రం 36 గంటల్లో ఆ బట్టను నాలుగు పొడవాటి పట్టీలుగా తయారు చేసింది. సుమారు 25 కిలోల ఆ బట్టను స్విట్జర్లాండ్ నుంచి మెక్సికోకు సూట్‌కేసుల్లో తీసుకెళ్లారు. అక్కడ ఉక్కు తీగల వలమీద దాన్ని బిగుతుగా లాగి కట్టి, అల్లికలోనే వదిలిన జేబుల్లో బెలూన్లు ఊది పక్కటెముకల లాంటి కట్టలకు చోటు చేసి, ముందుగా పలుచని సిమెంటు పూత పూశారు. ఆ పూత గట్టిపడి అచ్చుకు బిగువు వచ్చాక అసలు కాంక్రీటు వేశారు. బట్ట, తీగల వల కలిపి 55 కిలోలున్న అచ్చు 5 టన్నులకు పైగా కాంక్రీటును మోసింది.

బట్టతో మరో మేలు ఉంది. చెక్క, ఇనుప అచ్చుల్లో ఇరుక్కుపోయే మిగులు నీరు, గాలి బుడగలు బట్ట రంధ్రాల గుండా బయటికి పోతాయి, దాంతో కాంక్రీటు పైపొర చిక్కబడి మన్నిక పెరుగుతుంది. కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయంలో మార్క్ వెస్ట్ ఈ పద్ధతిమీద చాలా ఏళ్లు పనిచేశాడు. వేలాడగట్టిన బట్టలో పోసిన దూలం నడుమ లోతుగా, కొసల్లో పలుచగా రూపుదిద్దుకుంటుంది; అలాంటి దూలాల్లో కాంక్రీటు 40 శాతం దాకా ఆదా కాగలదని ఇంగ్లండులోని బాత్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపారు.

ఆదా అన్నిటికన్నా ఎక్కువ ఉండేది స్లాబులో. స్విట్జర్లాండ్‌లోని డ్యూబెన్‌డార్ఫ్‌లో 2019లో ప్రారంభమైన డీఫ్యాబ్ హౌస్ అనే ప్రయోగాత్మక ఇంట్లో 80 చదరపు మీటర్ల స్లాబుకు అచ్చును ఇసుకతో, పొర మీద పొరగా జిగురు పట్టించే త్రీడీ ప్రింటరుతో తయారు చేశారు. బలం ఎక్కడ అవసరమో అక్కడే మందంగా ఉన్న ఆ స్లాబు అతి పలుచని చోట 20 మిల్లీమీటర్లే.

అచ్చు లేకుండా నేరుగా కాంక్రీటును ముద్రించడం మనకు ఎక్కువ పరిచయం. తెలంగాణలో సిద్దిపేట జిల్లా బూరుగుపల్లిలో సింప్లిఫోర్జ్ క్రియేషన్స్, అప్సుజా ఇన్‌ఫ్రాటెక్ సంస్థలు ముద్రించిన గుడిలో వినాయకుడి గర్భాలయం మోదకం ఆకారంలో, పార్వతిది తామర ఆకారంలో ఉన్నాయి. ఈ పద్ధతిలో చిక్కంతా మిశ్రమంలోనే ఉంది. అది పంపులో జారాలి, నాజిల్ దాటగానే నిలబడాలి, పైన పడే పొరతో అతుక్కునేంత పచ్చిగానూ ఉండాలి. పెద్ద కంకర పట్టదు కాబట్టి సిమెంటు పాలు పెరుగుతుంది, ఆరేటప్పుడు కుంచించుకుపోయే గుణం కూడా పెరుగుతుంది. పొరలకు అడ్డంగా నిలువు చువ్వలు వేయడం ఇంకా సులువు కాలేదు. ఇళ్ల గోడలను ఇన్ని గంటల్లో ముద్రించామన్న వార్తలు నన్ను అంతగా ఆకట్టుకోవు. ఇటుకతో కట్టగల గోడకు ఖరీదైన కాంక్రీటు ఎందుకన్న సందేహం మిగిలే ఉంటుంది.

2021లో వెనిస్‌లో నిలబెట్టిన స్ట్రయాటస్ నడక వంతెన ముద్రణను సరైన చోట వాడింది. అందులో 53 బోలు దిమ్మెలున్నాయి. వాటిని అతికే సున్నం లేదు, కాంక్రీటులో చువ్వలు లేవు. కమాను గుండా పోయే నొక్కుడు బలానికి పొరలు అడ్డంగా ఉండేలా ముద్రించడంతో పొరల అతుకులు బలహీనత కాకుండా పోయాయి. ఐఐటీ హైదరాబాద్ పరిశోధకులు సింప్లిఫోర్జ్‌తో కలిసి రూపొందించిన నడక వంతెన నమూనాలోనూ బరువు నడిచే దారి వెంటే పదార్థం ఉంచాలన్న ఆలోచనే కనిపిస్తుంది.

ఇవన్నీ మన ఊళ్ల ఇళ్లకు వెంటనే వస్తాయని అనుకోను. నాలుగైదు అంగుళాల స్లాబుకు అద్దె ప్లేట్లు, జాకీలు చాలు; అవే ప్లేట్లు ఎన్నో ఇళ్లకు తిరుగుతాయి, ఒక్క స్లాబులో ఆదా అయ్యే కొద్దిపాటి కాంక్రీటు కోసం ఎవరూ కొత్త అచ్చు చేయించుకోరు. అంతస్తులు పెరిగినప్పుడు లెక్క మారుతుంది. ప్రతి స్లాబు బరువు కింది స్తంభాలమీద, చివరికి పునాదిమీద పడుతుంది కాబట్టి పైన తగ్గిన ప్రతి టన్నూ కింద కూడా ఆదా తెస్తుంది. ముందే దిమ్మెలు పోసి తెచ్చే ప్రీకాస్ట్ ఫ్యాక్టరీలో ఒకే వంపు అచ్చును వందల సార్లు వాడుకోవచ్చు. ఈ పద్ధతులు లాభసాటిగా మొదలయ్యేది అక్కడేనని నా అంచనా.